సైన్స్ విద్యార్థులకు సామాన్య పాఠకుల కోసం రాయడం ఎలా నేర్పాలి?

కెమిస్ట్రీ మాస్టారు (నల్గొండ జిల్లా)

నేను డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. ఈ ఏడాది చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టుకు ఒక షరతు కలిపాను. ప్రయోగశాల నివేదికతో పాటు, అదే విషయాన్ని తమ ఊళ్లో పదో తరగతి వరకు చదివిన ఒక మనిషికి అర్థమయ్యేలా తెలుగులో రెండు పేజీలు రాసి ఇవ్వాలి. ముప్పై ఒక్క మంది ఇచ్చారు. అన్నీ చదివాక నాకు తెలిసిందేమిటంటే, వాళ్లు నివేదికనే తెలుగులోకి దించారు తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఒక ఉదాహరణ ఇస్తాను. ఒక అమ్మాయి తమ వీధి బోరు నీటిలో ఫ్లోరైడ్ కొలిచింది. లీటరుకు 2.6 మిల్లీగ్రాములు వచ్చింది. పని చక్కగా చేసింది, మూడు సార్లు కొలిచి సరిచూసుకుంది కూడా. కానీ వ్యాసంలో ఆమె రాసిన వాక్యం ఇది: “సేకరించబడిన నమూనాలలో ఫ్లోరైడ్ అయాన్ల గాఢత అనుమతించదగిన పరిమితిని అధిగమించినట్లు నిర్ధారించబడినది.” ఈ వాక్యాన్ని మీ పక్కింటి వాళ్లకు చదివి వినిపించి రమ్మన్నాను. మర్నాడు వచ్చి, పక్కింటి పెద్దమ్మ అంతా విని ఇలా అడిగిందని చెప్పింది: “గట్లయితే ఈ నీళ్లు తాగొచ్చా, వద్దా బిడ్డా? కాగబెట్టి తాగితే పోతదా?” ఆ రెండో ప్రశ్నకు మా అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆరు నెలలు ఫ్లోరైడ్ మీద పని చేసిన విద్యార్థికి, మరిగిస్తే అది పోతుందో లేదో ఆలోచించవలసిన అవసరమే రాలేదు.

సెమిస్టరులో నాకు దొరికేది మహా అయితే ఎనిమిది గంటలు. ఈ ఎనిమిది గంటల్లో ఏం నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

డెస్కు మనిషి (విజయవాడ)

మాస్టారూ, నేను ఇరవై ఏళ్లుగా పత్రికలో సబ్-ఎడిటర్‌ని. సైన్స్ వ్యాసాలు నా బల్ల మీదికే వస్తాయి. మీరు మొదటి గంటలో చేయవలసిన పని “బడు” తీసేయించడం. సేకరించబడినవి, విశ్లేషించబడినవి, గమనించబడినది అన్న రాత తెలుగు వాక్యం నుంచి రాలేదు, ప్రయోగశాల రికార్డులోని ఇంగ్లిష్ వాక్యం నుంచి వచ్చింది. అక్కడ చేసినవాడు కనబడకూడదన్నది ఒక మర్యాద. తెలుగులో చేసినవాడు కనబడకపోతే వాక్యం నడవదు.

“నమూనాలు సేకరించబడినవి” అన్న చోట ఆ అమ్మాయి నిజంగా ఏం చేసిందో అడగండి. పొద్దున్నే మోటారు వేసి, పైపులో రాత్రంతా నిలిచిన నీరు పోయేదాకా ఐదు నిమిషాలు వదిలి, ఆ తర్వాత ప్లాస్టిక్ సీసాలో పట్టిందనుకోండి, అదే రాయమనండి. చదివేవాడికి “గాజు సీసా ఎందుకు కాదు?” అన్న సందేహం దానంతట అదే వస్తుంది. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుందన్న రసాయనశాస్త్రం అక్కడ రెండు ముక్కల్లో చెప్పేయవచ్చు. ఎక్కడో ఒక పెట్టెలో వేరుగా పెట్టి చెప్పిన సైన్సును జనం దాటేస్తారు.

ఇంకొక మాట. నాకు వచ్చే వ్యాసాలలో సగానికి పైగా “మానవాళి ఆదిమకాలం నుండి” అనే మొదలవుతాయి. ఆ మొదటి పేరా కొట్టేస్తే వ్యాసానికి ఏ నష్టమూ జరగదన్న మాట ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పని తేలలేదు.

సూక్ష్మజీవి (హైదరాబాద్)

నేను పీహెచ్‌డీ నాలుగో సంవత్సరంలో ఉన్నాను. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2018లో “అవ్‌సర్” అనే పోటీ మొదలుపెట్టింది. పరిశోధక విద్యార్థులు తమ సొంత పరిశోధన గురించే సామాన్య పాఠకులకు ఒక కథనం రాసి పంపమన్నారు. దానికోసం కూర్చున్నప్పుడు నాకు కలిగిన అవమానం చెబుతాను, మీ విద్యార్థులకు పనికి రావచ్చు.

మొదటి రోజు మూడు పేజీలు రాసి మా అమ్మకు వినిపించాను. ఆవిడ ఇంటర్ వరకు చదివింది. “కణం” అన్న మాట దగ్గర ఆగి, “ఏ కణం? దేవకణం అని టీవీలో చెప్పారే, అదా?” అంది. నవ్వాను గానీ, తప్పు ఆవిడది కాదు. మన పాఠ్యపుస్తకాల్లో జీవశాస్త్రంలో శరీరానికి ఇటుక వంటిది కణమే, భౌతికశాస్త్రంలో ఎలక్ట్రానూ కణమే. ఆ ఇటుక మధ్యలో ఉండేదీ కేంద్రకమే, పరమాణువు మధ్యలో ఉండేదీ కేంద్రకమే. ఇంగ్లిష్‌లో చదువుకున్నప్పుడు నాకు ఈ చిక్కు ఎదురు కాలేదు, ఎందుకంటే మొదటి రెండింటికీ అక్కడ వేరువేరు మాటలున్నాయి. తెలుగులో రాసేటప్పుడు మొదటిసారి “జీవకణం” అని పూర్తిగా రాసి, మనిషి ఒంట్లో అది ఎక్కడ ఉంటుందో చెప్పి, ఆ తర్వాతే “కణం” అనాలన్న సంగతి మా అమ్మ చెబితేనే తెలిసింది.

కాబట్టి ఎనిమిది గంటల్లో కనీసం రెండు గంటలు విద్యార్థి చదువుతుంటే సైన్స్ చదవని మనిషి ఎదురుగా కూర్చుని వినే ఏర్పాటు చేయండి. కళాశాలలో ఆఫీసు సిబ్బంది ఉన్నారు, క్యాంటీన్ నడిపేవారు ఉన్నారు, కామర్స్ విద్యార్థులు ఉన్నారు. వినేవాడి ముఖం ఎక్కడ ఖాళీ అయిందో విద్యార్థే చూడాలి. మనం ఎర్ర సిరాతో గుర్తు పెడితే అది మన అభిప్రాయంగా మిగిలిపోతుంది.

పాత ఫిజిక్స్ (రాజమహేంద్రవరం)

పై ముగ్గురూ చెప్పినదానితో నాకు పేచీ లేదు గానీ, ఒక ప్రమాదాన్ని ఎవరూ తలవలేదు. తేలిక చేయాలన్న తొందరలో విద్యార్థులు తప్పులు రాస్తారు. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పి రిటైరయ్యాను. బలం, శక్తి, సామర్థ్యం అన్న మూడు మాటల దగ్గర పడ్డ కష్టం అంతా ఇంతా కాదు. ఇంట్లో ఈ మూడింటికీ ఒకటే అర్థం. ఎద్దుకు బలం ఉందన్నా, శక్తి ఉందన్నా, సామర్థ్యం ఉందన్నా రైతుకు ఒకటే. భౌతికశాస్త్రంలో బలాన్ని న్యూటన్లలో కొలుస్తాం, శక్తిని జౌళ్లలో కొలుస్తాం, సామర్థ్యాన్ని వాట్లలో కొలుస్తాం. “ఈ మోటారుకు శక్తి ఎక్కువ” అని విద్యార్థి రాస్తే చదివేవాడికి హాయిగా ఉంటుంది, కాని మోటారు విషయంలో చెప్పవలసిన మాట సామర్థ్యం, కనుక ఆ వాక్యం తప్పు.

పోలికలదీ అదే కథ. ద్రవాభిసరణానికి, అంటే పలచని పొర గుండా నీరు ఉప్పు ఎక్కువున్న వైపుకు వెళ్లడానికి, మా వాళ్లంతా ఆవకాయనే పట్టుకుంటారు. ఉప్పు కలిపిన మామిడి ముక్కల నుంచి నీరు బయటికి వచ్చి మూడో రోజుకు ఊట తేలడం మంచి ఉదాహరణే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత ముక్క లోపలికి ఉప్పూ కారమూ ఎక్కుతాయి కదా! పలచని పొర నీటిని మాత్రమే పోనిస్తుంది, ఉప్పును పోనివ్వదు అని పై పేరాలో రాసిన విద్యార్థి, కింది పేరాలో ముక్క ఉప్పగా ఎలా మారిందో చెప్పలేడు. ఉప్పు పోటుకు కణాల పొరలు దెబ్బతిని, అడ్డు తొలగి, ఉప్పు లోపలికి వ్యాపిస్తుందని చెప్పాలి. పోలిక ఎంతవరకు పనిచేస్తుందో, ఏ చోట తెగుతుందో రెండూ రాయలేనివాడు పోలిక జోలికి పోకూడదని నా అభిప్రాయం.

సూక్ష్మజీవి (హైదరాబాద్)

మాస్టారూ, పోలిక తెగే చోటునే రాయించాలి. ఇంట్లో అందరూ తిన్న ఆవకాయ గనుక, “మరి ముక్కలోకి ఉప్పు ఎలా వెళ్లింది?” అని పాఠకుడే అడుగుతాడు. పాఠ్యపుస్తకంలోని ఎండుద్రాక్ష ప్రయోగం గురించి అలా ఎవరూ అడగరు.

తీరం (మచిలీపట్నం)

కష్టమైన మాటలు ఉండకూడదన్న భావన ఈ చర్చ అడుగున ఎక్కడో ఉన్నట్టు కనబడుతోంది. దానితో నేను ఏకీభవించలేను. మా వైపు వేటకు వెళ్లేవాళ్లలో బడి ముఖం చూడనివారు ఉన్నారు. వాళ్లకు అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అన్న నాలుగింటికీ తేడా తెలుసు. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 62 చేరితే తుపాను. వాళ్లు ఈ అంకెలు చెప్పలేకపోవచ్చు, కానీ రేడియోలో ఏ మాట వింటే వలలు సర్దుకోవాలో, ఏ మాట వింటే పడవను ఒడ్డుకు లాగి కట్టాలో వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. “వాయుగుండం” తేలిక మాటేమీ కాదు. ఆ మాట విన్న ప్రతిసారీ దాని వెనకాల ఒక గాలి వచ్చింది, అందుకే అది నిలబడింది.

కాబట్టి విద్యార్థి వ్యాసంలో పారిభాషిక పదాలను ఏరి పారేయకుండా, ఉంచిన ప్రతి పదానికీ పాఠకుడి జీవితంలో ఒక పని చూపించమనండి. రెండు పేజీల వ్యాసంలో మూడు పదాలకు మించి అలా నిలబెట్టలేరు. మిగిలినవి వాటంతట అవే రాలిపోతాయి.

గణాంకం (విశాఖపట్నం)

పదాల గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ, నా దృష్టిలో పెద్ద గండి అంకెల దగ్గర ఉంది. నేను ఎం.ఎస్సీ. విద్యార్థులకు ప్రతి ఏటా ఒకే అభ్యాసం ఇస్తాను. 2020లో ఫైజర్ కోవిడ్ టీకా సామర్థ్యం 95 శాతం అని వార్తలు వచ్చాయి. దీని అర్థం ఏమిటో మీ నాన్నకు ఉత్తరం రాసినట్టు ఒక పేజీ రాయండి అంటాను. గణాంకశాస్త్రం చదువుతున్నవాళ్లలో కూడా ఎక్కువమంది “టీకా వేసుకున్న వందమందిలో తొంభై అయిదుగురికి జబ్బు రాదు, అయిదుగురికి వస్తుంది” అనే రాస్తారు.

అసలు ప్రయోగంలో సుమారు 43 వేల మందిని ఇంచుమించు సమానమైన రెండు జట్లుగా చేశారు. జబ్బు పడినవారు మొత్తం 170 మంది. వాళ్లలో ఉత్తుత్తి సూది వేయించుకున్న జట్టువారు 162 మంది, టీకా జట్టువారు 8 మంది. టీకా లేకుంటే ఈ జట్టులోనూ 162 దాకా ఉండవలసిన కేసులు 8కి తగ్గాయి గనుక 95 శాతం అన్నారు. టీకా వేసుకున్న ఇరవై వేల పైచిలుకు మందిలో ఆ కొద్ది నెలల్లో జబ్బు పడింది ఎనిమిది మంది. విద్యార్థులు రాసినట్టయితే వెయ్యి మందికి పైగా పడి ఉండాలి.

ఈ లెక్కను బోర్డు మీద చేసి చూపించాక, అదే ఉత్తరాన్ని ఈసారి శాతం అన్న మాట వాడకుండా, మనుషుల్ని లెక్కపెట్టి రాయమంటాను. రెండో ఉత్తరాల్లో చాలావరకు తప్పులుండవు. శాతం అన్నప్పుడు దేనిలో శాతం అన్న ప్రశ్న అడుగున పడిపోతుంది, మనుషుల్ని లెక్కపెట్టినప్పుడు పడదు. కెమిస్ట్రీ మాస్టారు ఎనిమిది గంటల్లో ఒక గంట దీనికి ఇవ్వవలసిందే.

బీఎస్సీ మూడో ఏడు

నేను విద్యార్థిని, కనుక మా వైపు మాట కూడా వినండి. మాకు ఇంటర్ నుంచి పాఠాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, పరీక్షలు ఇంగ్లిష్‌లో రాస్తాం, ల్యాబ్ రికార్డు ఇంగ్లిష్‌లోనే. తెలుగులో రాయమనగానే మా చేతికి వచ్చేది పదో తరగతి పాఠ్యపుస్తకపు తెలుగే, ఎందుకంటే సైన్సును రాతలో తెలుగులో చూసింది అక్కడే చివరిసారి. మాట్లాడేటప్పుడు చక్కగానే చెబుతాం. రాయడానికి కూర్చుంటే ఆ భాష తప్పని, మార్కులు పోతాయని భయం. ఇప్పుడు చాలామంది చాట్‌బాట్‌తో రాయించి పెట్టేస్తున్నారు, అది కూడా “నిర్ధారించబడినది” అనే రాస్తోంది.

కెమిస్ట్రీ మాస్టారు (నల్గొండ జిల్లా)

ఈ చివరి మాట నన్ను నవ్వించింది, కొంచెం బాధపెట్టింది కూడా. భయం సంగతి నిజమే. వచ్చే వారం నుంచి ముందు ఫోన్‌లో రికార్డు చేయించి, ఆ తర్వాత తమ మాటనే తాము విని కాగితం మీద పెట్టమని చెబుతాను. మార్కులు వ్యాసానికి కాకుండా, విన్నవాళ్లు అడిగిన ప్రశ్నల జాబితాకూ, మొదటి ప్రతికీ రెండో ప్రతికీ మధ్య వచ్చిన మార్పుకూ ఇద్దామనుకుంటున్నాను. చాట్‌బాట్‌ను పక్కింటి పెద్దమ్మ దగ్గరికి తీసుకుపోలేరు కదా.

అంకెల దగ్గర నాకు ఒక చిక్కు ఉంది. ఫ్లోరైడ్‌కు పరిమితిగా ఆమె తీసుకున్న అంకె, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంటే ఎంత చిన్నదో చూపించడానికి మా అమ్మాయి “బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు ఉంటుంది, అందులో సుమారు పదమూడో వంతు” అని రాసింది. బాగుందనిపించింది. సరైనదేనా?

బాపట్ల సేద్యం

మాస్టారూ, ఏ బియ్యపు గింజ అన్నదాన్ని బట్టి ఉంటుంది. పొడవు గింజ రకాలకు 20 దాకా చెల్లుతుంది. మన ఇళ్లలో తినేది ఎక్కువగా సన్నబియ్యం. మా బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరిలో, అంటే బీపీటీ 5204లో, వెయ్యి వడ్లు 14, 15 గ్రాములకు మించి తూగవు. అంటే ఒక వడ్ల గింజ 15 మిల్లీగ్రాములు. ఊకా తవుడూ పోగా మిగిలే గింజ పదికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి పదమూడో వంతు కాదు, దాదాపు ఏడో వంతు. మీ ల్యాబులో మంచి త్రాసు ఉంటుంది గనుక, ఆ అమ్మాయి ఇంట్లో వండే బియ్యమే వంద గింజలు లెక్కపెట్టి తూచమనండి. “మా ఇంటి బియ్యం వంద గింజలు తూచాను” అన్న వాక్యం వ్యాసానికి ఎంత బరువు తెస్తుందో చూడండి.

మిన్నెసోటా నుంచి

ఇక్కడ అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులు అడిగేవారు, ఆ పరిశోధన సమాజానికి ఏ విధంగా ఉపయోగపడుతుందో కూడా 1997 నుంచి దరఖాస్తులో చెప్పవలసి వస్తోంది. అందువల్ల విశ్వవిద్యాలయాలు ఈ శిక్షణను కొంత పట్టించుకుంటాయి. మా దగ్గర అందరూ పాల్గొనేది మూడు నిమిషాల థీసిస్ పోటీ. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైంది. ఒకే స్లయిడు, మూడు నిమిషాలు, అంతే. నేను పాల్గొన్నాను, ఉపయోగపడింది. అయితే ఒక లోపం గమనించాను. పోటీ కావడం వల్ల మాటకారితనం గెలుస్తుంది, వినేవాడికి చివరికి ఏం తెలిసిందో ఎవరూ అడగరు. మీరు ప్రశ్నల జాబితాకు మార్కులిస్తాననడం అంతకంటే మంచి ఆలోచన.

పాత ఫిజిక్స్ (రాజమహేంద్రవరం)

ఒక్క దిద్దుబాటు. ఆ అమ్మాయి “అనుమతించదగిన పరిమితి” అని ఒకటే రాసింది. మన దేశపు తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడ్‌కు రెండు అంకెలున్నాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు. ఈ తేడాను దాటేస్తే చదివేవాడు 1.4 ఉన్న నీటిని నిశ్చింతగా తాగుతాడు. నేను మొదట చెప్పిన ప్రమాదం ఇదే.

కెమిస్ట్రీ మాస్టారు (నల్గొండ జిల్లా)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆ అమ్మాయి బియ్యం తూచింది. ఆమె ఇంటి బియ్యం వంద గింజలు 1.1 గ్రాములు వచ్చాయి. బాపట్ల వారికి కృతజ్ఞతలు. పెద్దమ్మ దగ్గరికి మళ్లీ రెండుసార్లు వెళ్లింది. రెండోసారి ఆవిడ, “మీ తాతకు నడుము వంగింది గీ నీళ్లతోనేనా?” అని అడిగిందట. ఆ ప్రశ్నను ఎలా రాయాలో తెలియక ఈ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఎముకల జబ్బుకు ఏళ్ల తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ తాగడం కారణమవుతుందని చెప్పవచ్చు గానీ, ఒక్క మనిషి నడుము గురించి వైద్యుడు చూడకుండా చెప్పలేమని రాయమన్నాను. ఆమె ఇప్పుడు రాసిన మొదటి పేరా ఇది:

“మన దేశంలో ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వైద్యులు దాన్ని నమోదు చేశారు. మా వీధి బోరు నీటిని నేను మూడుసార్లు పరీక్షించాను. లీటరు నీటిలో 2.6 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది. అంటే మేము వండుకునే బియ్యపు గింజలో నాలుగో వంతు కంటే తక్కువ బరువు. ఇంత కొంచెమే అయినా, ఒక మిల్లీగ్రాము దాటకూడదని మన దేశపు ప్రమాణం చెబుతోంది. చిగుళ్ల లోపల శాశ్వత పళ్లు తయారయ్యే వయసు పిల్లలు, అంటే ఎనిమిదేళ్ల లోపువాళ్లు, ఈ నీళ్లు తాగుతూ ఉంటే వాళ్ల పళ్ల మీద మచ్చలు పడవచ్చు. ఈ నీళ్లను కాగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది, కనుక మిగిలిన నీటిలో లీటరుకు దాని మోతాదు కాస్త పెరుగుతుంది కూడా. స్నానానికి, బట్టలకు ఈ నీళ్లు వాడుకోవచ్చు. తాగడానికి, వంటకు మాత్రం వద్దు.”

పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తానని సర్పంచిని అడిగిందట. ఆయన కాగితం తీసుకుని ఇంకా ఏమీ చెప్పలేదు. అంటించే ముందు మీరు ఒకసారి చూడండి.

డెస్కు మనిషి (విజయవాడ)

“బడు” ఒక్కటీ లేదు, సంతోషం. నెల్లూరు సంగతి మంచిదే గానీ కింది పేరాకు పంపండి. గోడ దగ్గర బిందెతో నిలబడి చదివే మనిషి మొదటి రెండు వాక్యాలు చదివి వెళ్లిపోతుంది. “తాగడానికి, వంటకు వద్దు” అన్నదీ, “కాగబెట్టినా పోదు” అన్నదీ పైన పెట్టండి. మరి తాగేందుకు నీళ్లు ఎక్కడ తెచ్చుకోవాలో కూడా రాయమనండి, పెద్దమ్మ మూడోసారి అడగబోయేది అదే.

కెమిస్ట్రీ మాస్టారు (నల్గొండ జిల్లా)

అడిగింది కూడానట. నల్లా నీళ్లు వచ్చే వేళలు, శుద్ధి చేసిన నీళ్లు అమ్మే చోటు కనుక్కుని రమ్మని అమ్మాయిని పంపాను. ఆ నీటి నమూనాలు కూడా రెండు సీసాల్లో తెస్తానంది.